డెడ్‌లిఫ్ట్ చేస్తే నడుం పోతుందా? కొత్తవాళ్ళని తికమక పెట్టే లెక్కలన్నీ ఒకచోట

ఫోన్‌లో ఒక రీల్ తెరిస్తే ఎవరో డాక్టర్ గారు వెన్నుపూస బొమ్మ చేతిలో పట్టుకుని డెడ్‌లిఫ్ట్ జోలికి పోకండి డిస్క్ జారుతుంది అంటారు, వేలితో కొంచెం పైకి జరిపితే కండలు తిరిగిన ట్రైనర్ ఒకాయన నడుం నొప్పికి డెడ్‌లిఫ్ట్‌ని మించిన మందు లేదంటాడు. ఇద్దరూ గట్టిగానే చెప్తారు, ఇద్దరికీ వ్యూస్ బాగానే వస్తాయి, మధ్యలో జిమ్‌లో కొత్తగా చేరి రాడ్ ముందు నిలబడ్డవాడికి మాత్రం ఏం చెయ్యాలో తోచదు. నిజానికి ఆ ఇద్దరిలో ఎవరూ గాలి కబుర్లు చెప్పట్లేదు. డాక్టర్ గారి దగ్గరికి వచ్చేది దెబ్బ తగిలినవాళ్ళే, ట్రైనర్ దగ్గర ఏళ్ళ తరబడి మిగిలేది ఏమీ కానివాళ్ళే. ఎవరికి కనిపించింది వాళ్ళు చెప్తున్నారు.

ఈ గొడవంతా "వీపు నిటారుగా పెట్టు" అనే ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంటుంది. అది ముఖ్యమే, కాదనట్లేదు, కానీ సేఫ్టీ లెక్కలో దానికి ఏమాత్రం తక్కువ కాని విషయాలు ఇంకో రెండున్నాయి, వాటి గురించి రీల్స్‌లో ఎవడూ పెద్దగా మాట్లాడడు: రాడ్ ఒంటికి ఎంత దూరంలో ఉంది, బరువు ఎంత తొందరగా పెరుగుతోంది.

ముందు అసలు ఈ లిఫ్ట్ ఏంటి, స్క్వాట్‌కీ దీనికీ తేడా ఏంటి

నేల మీద కదలకుండా ఉన్న బరువుని రెండు చేతులతో పట్టుకుని పూర్తిగా నిలబడటం, మళ్ళీ నేల మీద పెట్టటం, డెడ్‌లిఫ్ట్ అంటే ఇంతే. స్క్వాట్‌లో బరువు భుజాల మీద ఉంటుంది, మోకాళ్ళు బాగా మడిచి కిందకి కూర్చుంటాం. డెడ్‌లిఫ్ట్‌లో బరువు చేతుల్లో వేలాడుతుంది, మోకాళ్ళు కొంచెమే మడుస్తాం, ఎక్కువ వంపు తుంటి దగ్గర వస్తుంది. దీన్నే జిమ్‌లో హిప్ హింజ్ అంటారు, అంటే పిరుదుల్ని వెనక్కి తోస్తూ తుంటి దగ్గర వంగటం, నడుం దగ్గర కాదు. పని చేసేవి ముఖ్యంగా పిరుదులు, తొడ వెనక కండరాలు, వెన్ను పొడవునా ఉండే కండరాలు, వాటితో పాటు రాడ్‌ని ఒంటికి దగ్గరగా పట్టి ఉంచే చంకల వెనక ల్యాట్స్, ఇంకా పిడికిలి.

కొత్తవాళ్ళు ఎక్కువమంది దీన్ని రాడ్ చేతిలో పట్టుకున్న స్క్వాట్ లాగా చేస్తారు, పిరుదులు మరీ కిందకి దించేస్తే మోకాళ్ళు ముందుకొచ్చి రాడ్‌కి అడ్డం పడతాయి, దాంతో రాడ్ ముందుకి జరుగుతుంది, తర్వాత కథంతా అక్కడే తేడా కొడుతుంది. హింజ్ వచ్చిందో లేదో చూడ్డానికి ట్రైనర్లు వాడే పాత పద్ధతి ఒకటుంది. ఒక కర్రని వీపు మీద నిలువుగా పెట్టి తల వెనక భాగం, పైవీపు, నడుం కింద ఎముక, ఈ మూడూ దానికి తగిలేట్టు పట్టుకుని వంగమంటారు. వంగుతున్నప్పుడు మూడింట్లో ఏది కర్రని వదిలేసినా ఎక్కడ తేడా వస్తోందో వెంటనే తెలిసిపోతుంది. మాప్ కర్ర చాలు, ఒక్క రూపాయి ఖర్చు లేదు, అయినా దీన్ని దాటేసి నేరుగా ప్లేట్లు ఎక్కించేవాళ్ళే ఎక్కువ.

ఇంకో చిన్న క్లారిటీ. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన ఆట వెయిట్‌లిఫ్టింగ్, అందులో బరువు తల మీదకి పోవాలి. స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్ ఉండేది పవర్‌లిఫ్టింగ్, ఒలింపిక్స్‌లో డెడ్‌లిఫ్ట్ పోటీ లేదు.

రాడ్ 10 సెంటీమీటర్లు ముందుకి జరిగితే నడుం మీద ఎంత పడుతుంది

ఇది కాగితం మీద వేసుకుని చూడాల్సిన లెక్క. వంగి రాడ్ పట్టుకున్నప్పుడు నడుం దగ్గర జాయింట్ ఒక ఇరుసు అనుకోండి. దానికి ముందు వైపు రాడ్ బరువు కిందకి లాగుతుంది, వెనక వైపు వెన్ను కండరాలు పట్టి ఆపుతాయి. చిక్కేంటంటే ఆ కండరాలు ఇరుసుకి చాలా దగ్గరగా, సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి, రాడ్ మాత్రం ఎంతో దూరంలో ఉంటుంది.

రాడ్ బరువు 60 కిలోలు, నడుం నుంచి అడ్డంగా 30 సెంటీమీటర్ల దూరం అనుకుందాం. 60 ఇంటూ 30 అంటే 1800. దాన్ని 5 సెంటీమీటర్ల దూరంలోంచి ఆపాలంటే 1800 బై 5, అంటే 360 కిలోల బరువుకి సమానమైన లాగుడు కండరాలు ఇవ్వాలి. ఇప్పుడు అదే రాడ్ పాదం మధ్యలో కాకుండా వేళ్ళ ముందుకి జరిగి దూరం 40 అయిందనుకోండి, 60 ఇంటూ 40 బై 5, అంటే 480. ప్లేట్ ఒక్కటి కూడా కొత్తగా ఎక్కించలేదు, 10 సెంటీమీటర్లు జరిగినందుకే 120 కిలోల భారం ఎక్కువైంది. (మన పైశరీరం బరువు కూడా కలిపితే లెక్క ఇంకా పెరుగుతుంది, ఇక్కడ సులువు కోసం వదిలేశాను.) రాడ్ పిక్కల ముందు భాగానికి రాసుకుంటూ పైకి రావాలి అని ట్రైనర్ అరిచేది ఇందుకే.

కాగితం లెక్కే కాదు, నిజంగా కొలిచినవాళ్ళు కూడా ఉన్నారు. 1999లో జర్మనీలో ఒక ఆరోగ్యవంతుడి నడుం డిస్క్‌లోకి (రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) నేరుగా సెన్సార్ పంపించి రకరకాల పనుల్లో లోపలి ప్రెషర్ చూశారు. ఊరికే నిలబడితే 0.5 మెగాపాస్కల్. 20 కిలోల బరువుని వీపు గుండ్రంగా వంచి ఎత్తితే 2.3, మోకాళ్ళు మడిచి పద్ధతిగా ఎత్తితే 1.7. అదే 20 కిలోలు ఒంటికి దగ్గరగా పట్టుకుని నిలబడితే 1.1, ఛాతీకి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 1.8. ఆ చివరి అంకె ఇంకోసారి చూడండి, ఏమీ వంగకుండా ఊరికే చేతులు ముందుకి చాపి పట్టుకున్నందుకే పద్ధతిగా నేల మీంచి ఎత్తినదానికంటే ప్రెషర్ కొంచెం ఎక్కువే వచ్చింది. అయితే ఇది ఒక్క మనిషి మీద చేసిన కొలత, అందరికీ అవే అంకెలు వస్తాయని కాదు, ఏది ఎక్కువ ఏది తక్కువ అన్న వరసే ఇక్కడ పనికొచ్చేది.

గుండ్రంగా వంగిన వీపు: రెండు వర్గాల వాదన

ఒక వర్గానికి పెద్ద ఆధారం కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో వెన్ను మీద పరిశోధన చేసిన స్టువర్ట్ మెక్‌గిల్ బృందం పనులు. పంది వెన్నుపూసల్ని మెషిన్‌లో పెట్టి కొంచెం బరువు మోపి వేల సార్లు ముందుకీ వెనక్కీ వంచితే డిస్క్ లోపలి జెల్లీ మెల్లగా వెనక వైపుకి దారి చేసుకుని బయటికొచ్చింది. కాబట్టి బరువుతో పాటు వెన్ను పదే పదే వంగటం ప్రమాదం, నడుం సహజమైన వంపులో కదలకుండా ఉండాలి, కదలిక అంతా తుంటి దగ్గరే జరగాలి అనేది వీళ్ళ మాట.

రెండో వర్గం అడిగేది: చచ్చిన పంది వెన్నుపూస మళ్ళీ అతుక్కోదు కదా, బలపడదు కదా, బతికున్న మనిషిది రెస్ట్ ఇస్తే బలపడుతుంది కదా? పైగా నిటారుగా ఉంది అని మనకి కనిపించే నడుం కూడా కొలిచి చూస్తే డెడ్‌లిఫ్ట్‌లో ఎంతో కొంత వంగే ఉంటుంది, కంటికి తెలీదంతే. 2020లో అప్పటిదాకా వచ్చిన స్టడీస్ అన్నీ కలిపి చూసిన ఒక రివ్యూలో, బరువెత్తేటప్పుడు నడుం ఎక్కువ వంచేవాళ్ళకే నడుం నొప్పి ఎక్కువ వస్తుందనటానికి ఆధారం దొరకలేదు. ఆ స్టడీస్ క్వాలిటీ అంత గొప్పగా లేదని కూడా వాళ్ళే రాశారు, అది మాత్రం ఈ వర్గం వాళ్ళు రీల్స్‌లో చెప్పరు.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గొడవ కనిపించినంత పెద్దది కాదనిపిస్తుంది నాకు. కొంచెం వంపుతో మొదలుపెట్టి అదే వంపుతో పైదాకా రావటం వేరు, నిటారుగా మొదలుపెట్టి బరువు ఆపలేక మధ్యలో నడుం మడత పడిపోవటం వేరు. రెండోది జరిగిందంటే ఆ బరువుని ఆ కండరాలు ఆపలేకపోయాయనే అర్థం, ఏ వర్గం వాళ్ళూ దాన్ని మంచిదనరు. ఏళ్ళ తరబడి చేసిన లిఫ్టర్లు పైవీపుని కావాలనే కొంచెం గుండ్రంగా పెట్టి లాగటం పోటీల్లో కనిపిస్తుంది, అది చూసి కొత్తవాడు నడుంతో అదే చేస్తే రెండూ ఒకటి కావు, పైవీపు వేరు నడుం వేరు, పదేళ్ళ అలవాటు వేరు పది రోజుల అలవాటు వేరు.

మన జిమ్‌లో చిన్న ప్లేట్ల సమస్య

దీని గురించి బయటి దేశాల వీడియోల్లో పెద్దగా ఉండదు, ఎందుకంటే వాళ్ళకి చాలాచోట్ల ఈ సమస్యే రాదు. స్టాండర్డ్ పెద్ద ప్లేట్ అడ్డకొలత 45 సెంటీమీటర్లు, కాబట్టి నేల మీద పెట్టినప్పుడు రాడ్ 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రబ్బరు బంపర్ ప్లేట్లున్న చోట 10 కిలోల ప్లేట్ కూడా అదే సైజులో ఉంటుంది. మన కాలనీ జిమ్‌లలో ఎక్కువగా ఉండేది ఇనుప ప్లేట్లు, వాటిలో 5, 10 కిలోలవి చాలా చిన్నవి. ప్లేట్ అడ్డకొలత 30 అయితే రాడ్ ఎత్తు 15 మాత్రమే, అంటే ఏడున్నర సెంటీమీటర్లు ఎక్కువ కిందకి వంగాలి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని తొడ వెనక కండరాలు బిగుసుకుపోయినవాడికి, లేదా ఆరడుగుల మనిషికి, ఆ ఏడున్నర సెంటీమీటర్లు తుంటి దగ్గర దొరకవు, నడుం లోంచే తెచ్చుకోవాలి. అంటే బరువు తక్కువ ఉన్న కొత్తవాడికే పొజిషన్ కష్టంగా వస్తోంది, 20 కిలోల పెద్ద ప్లేట్లు వేసుకునే సీనియర్‌కి సులువుగా వస్తోంది, తిరకాసు చూడండి.

అందుకే తెలిసిన ట్రైనర్లు రాడ్ రెండు చివర్ల కింద ప్లేట్లో చెక్క దిమ్మలో పేర్చి ఎత్తు పెంచుతారు, లేదా ర్యాక్‌లో (రాడ్ ఆనించే ఇనుప స్టాండ్) పిన్నుల మీద పెడతారు. 22.5 అనేది కూడా పోటీల ప్లేట్ల వల్ల వచ్చిన అంకే, ఎవరి కాళ్ళూ చేతులూ కొలిచి పెట్టింది కాదు. మోకాలి కింద నుంచి లాగినా అది డెడ్‌లిఫ్టే, ఒళ్ళు అలవాటయ్యే కొద్దీ ఎత్తు తగ్గించుకోవచ్చు. ఖాళీ రాడ్ కూడా మరిచిపోకూడని విషయం, స్టాండర్డ్ మగవాళ్ళ రాడ్ 20 కిలోలు, ఆడవాళ్ళది 15, చాలా జిమ్‌లలో ఉండే సన్నటి రాడ్లు ఎంతుంటాయో తూచితే గానీ తెలీదు, దాంతో నేను 60 లేపాను అనే లెక్కలు కూడా తప్పుతుంటాయి.

బూట్ల సంగతి ఒక్క ముక్కలో: మెత్తటి రన్నింగ్ షూ బరువు కింద నొక్కుకుపోయి పాదం ఊగుతుంది, అందుకే చాలామంది పల్చటి గట్టి సోల్ బూట్లతోనో సాక్సులతోనో లాగుతారు.

ఊపిరి బిగబట్టడం, బెల్ట్, బీపీ

లాగేముందు కడుపు నిండా గాలి పీల్చి పొట్ట కండరాల్ని గట్టిగా బిగించటాన్ని బ్రేసింగ్ అంటారు. గాలి బిగబట్టినప్పుడు పొట్ట లోపల ప్రెషర్ పెరిగి నడుం నాలుగు వైపుల నుంచీ గట్టిపడుతుంది. బెల్ట్ చేసేది కూడా ఇదే, పొట్ట ఒత్తటానికి ఒక గోడ ఇస్తుంది. బెల్ట్ పెట్టుకున్నంత మాత్రాన నడుం కాపాడబడదు, బ్రేసింగ్ రానివాడికి అది ఊరికే పెద్ద తోలు పట్టీ.

ఇదే ఊపిరి బిగింపు బీపీని కాసేపు ఎక్కడికో తీసుకెళ్తుంది. 1985లో కెనడాలో బాడీబిల్డర్ల రక్తనాళంలోకే మీటర్ పెట్టి భారీ లెగ్ ప్రెస్ చేయిస్తే సగటున 320/250 వచ్చింది, ఒకాయనకి 480/350 దాటింది. సెట్ అయిపోగానే దిగిపోతుంది, ఆరోగ్యంగా ఉన్న గుండె దాన్ని తట్టుకుంటుంది. కానీ మన ఇళ్ళలో 40 దాటినవాళ్ళకి బీపీ ఉందో లేదో కూడా చూపించుకోని వాళ్ళు ఎంతమందో. బీపీ కంట్రోల్‌లో లేనివాళ్ళు, గుండె, కంటి రెటీనా సమస్యలున్నవాళ్ళు, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు, వీళ్ళ లెక్క వేరే, వాళ్ళ డాక్టర్‌తో మాట్లాడాకే ఏదైనా. 2016లో ఇంగ్లండ్‌లో ఎడ్డీ హాల్ అనే స్ట్రాంగ్‌మ్యాన్ పోటీల ఆటగాడు డెడ్‌లిఫ్ట్‌లో 500 కిలోలు లేపిన వెంటనే ముక్కులోంచి రక్తం కారి స్పృహ తప్పాడు, ఆ వీడియోని మోటివేషన్ అని స్టేటస్ పెట్టుకునేవాళ్ళకి ఇది చెప్పాలనిపిస్తుంది.

బరువు ఎంత తొందరగా పెంచుతున్నారు: అసలు దెబ్బ తగిలేది ఎక్కువగా ఇక్కడే

అమెరికాలో పనిచోట బరువులెత్తే కార్మికుల కోసం పెట్టుకున్న గైడ్‌లైన్ ప్రకారం నడుం మీద ఒత్తిడి 3,400 న్యూటన్లు (సుమారు 10 న్యూటన్లంటే ఒక కిలో బరువు) దాటకూడదు. 1987లో వచ్చిన ఒక స్టడీలో ప్రపంచ స్థాయి పవర్‌లిఫ్టర్ల మీద లెక్క కడితే ఆ ఒత్తిడి 18 వేల న్యూటన్ల పైనే తేలింది, వాళ్ళ వెన్నుపూసల్లో ఎముక సాంద్రత కూడా మామూలు మనుషుల కంటే చాలా ఎక్కువ. అంటే లిమిట్ అబద్ధమనీ కాదు, లిఫ్టర్లు దేవుళ్ళనీ కాదు. ఎముక, కండ, స్నాయువు (కండని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటిది, టెండన్), అన్నీ పడే బరువుని బట్టి గట్టిపడతాయి, కాకపోతే అన్నీ ఒకే స్పీడ్‌లో గట్టిపడవు. కొత్తవాడి మొదటి కొన్ని వారాల బలం ఎక్కువగా నరాల నుంచి వస్తుంది, ఉన్న కండనే మెదడు బాగా వాడుకోవటం నేర్చుకుంటుంది. స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. కాబట్టి లేపగలను అనిపించే బరువు, ఒళ్ళు పదే పదే తట్టుకోగల బరువు కంటే ముందు పరిగెడుతుంటుంది.

ఉదాహరణకి ఇద్దరిని తీసుకోండి, ఒకే వయసు, ఒకే బరువు, ఒకే రకం ఆఫీసు పని. మొదటివాడు 40 కిలోలతో మొదలుపెట్టి 5 రెప్స్ చొప్పున 3 సెట్లు (ఒకసారి లేపి దించితే ఒక రెప్, ఆగకుండా చేసిన రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్), వారానికి రెండు రోజులు చేసి, ప్రతి వారం రెండున్నర కిలోలు కలుపుతాడు. 13వ వారానికి 70 కిలోల దగ్గరుంటాడు, ఈలోపు 360 దాకా రెప్స్ పద్ధతిగా చేసుంటాడు. రెండోవాడు మొదటి వారం 40, రెండో వారం 60, మూడో వారం ఫ్రెండ్స్ వీడియో తీస్తుంటే 90 ఒక్క రెప్. లేపేస్తాడు కూడా, అదే సమస్య. వాడి చేతిలో ఉన్న ప్రాక్టీస్ వంద రెప్స్ లోపే, ఆ ఒక్క రెప్‌లో నడుం మడత పడిందో లేదో వీడియోలో చూస్తే గానీ వాడికే తెలీదు.

గరిష్ఠంగా ఎంత లేపగలరో తెలుసుకోటానికి గరిష్ఠంగా లేపి చూడక్కర్లేదు కూడా. వన్ రెప్ మ్యాక్స్ అంచనాకి ఎప్లీ ఫార్ములా అని ఒకటుంది, రెప్స్‌ని 30తో భాగించి, ఒకటి కలిపి, బరువుతో గుణించాలి. 60 కిలోలు 5 సార్లు లేపితే 60 ఇంటూ 1.167, సుమారు 70. కొత్తవాళ్ళ ప్రోగ్రామ్‌లు మామూలుగా సెట్ చివర్లో ఇంకో రెండు మూడు రెప్స్ మిగిలుండగానే ఆపిస్తాయి, ఎందుకంటే ఫామ్ చెడిపోయేది ఆ చివరి రెండు మూడింటిలోనే.

రిస్క్ అంకెలు చూస్తే, పవర్‌లిఫ్టర్ల మీద వచ్చిన స్టడీస్‌ని 2017లో కలిపి చూసినప్పుడు వెయ్యి గంటల ట్రైనింగ్‌కి 1 నుంచి 4.4 గాయాలు అని తేలింది. వారానికి 4 గంటలు జిమ్ చేసేవాడికి వెయ్యి గంటలంటే ఐదేళ్ళకి కొంచెం తక్కువ. ఇవి నేర్చుకున్నవాళ్ళ అంకెలు, మూడో వారం 90 లేపే మనవాడివి కావు. ఇంకో వైపు, ఆస్ట్రేలియాలో నెలసరి ఆగిపోయి ఎముకలు పల్చబడ్డ వంద మంది ఆడవాళ్ళతో ఒక ప్రయోగం జరిగింది, 2018లో ఫలితాలొచ్చాయి. సగం మందితో 8 నెలలు, వారానికి రెండుసార్లు, పక్కన ట్రైనర్ ఉండగా డెడ్‌లిఫ్ట్, స్క్వాట్ లాంటివి భారీగానే చేయిస్తే వాళ్ళ నడుం ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, ఇంట్లో తేలిక వ్యాయామం చేసినవాళ్ళకి 1.2 శాతం తగ్గింది. ఆడవాళ్ళు బరువులెత్తకూడదు అనే అత్తయ్యలకి చూపించదగ్గ అంకెలివి, కానీ మొదట్లో చాలా తేలికగా మొదలుపెట్టి పెంచారు, మనిషి పక్కనే ఉన్నాడు, ఆ రెండూ కలిపే చెప్పాలి.

మరి నడుం నొప్పికి డెడ్‌లిఫ్ట్ మందేనా? స్వీడన్‌లో 70 మంది నడుం నొప్పివాళ్ళని రెండు గుంపులు చేసి ఒకరికి డెడ్‌లిఫ్ట్, ఇంకొకరికి తేలిక కంట్రోల్ వ్యాయామాలు నేర్పితే రెండు గుంపులూ బాగుపడ్డాయి, నొప్పి తగ్గటంలో పెద్ద తేడా లేదు. డెడ్‌లిఫ్ట్ గుంపులో ఎక్కువ లాభపడింది ముందు నుంచే నొప్పి తక్కువగా, వెన్ను ఓర్పు ఎక్కువగా ఉన్నవాళ్ళు. కాబట్టి విషమూ కాదు, సర్వరోగ నివారిణీ కాదు.

సుమో, రొమేనియన్, ట్రాప్ బార్

కాళ్ళు వెడల్పుగా పెట్టి లాగే సుమోలో వీపు కొంచెం నిటారుగా ఉంటుంది, నడుం మీద భారం కొంత తగ్గుతుంది, తుంటి లోపలి భాగం మీద పెరుగుతుంది. రొమేనియన్‌లో పై నుంచి మొదలుపెట్టి మోకాలి కిందిదాకా దించి మళ్ళీ లేస్తారు, నేల దాకా వెళ్ళక్కర్లేదు కాబట్టి హింజ్ నేర్పటానికి చాలామంది దీన్నే ముందు వాడతారు. ఆరు కోణాల ట్రాప్ బార్‌లో మనిషి మధ్యలో నిలబడతాడు, చేతులు పక్కనుంటాయి, బరువు నడుంకి దగ్గరవుతుంది కాబట్టి ఇందాక వేసిన దూరం లెక్క ప్రకారం దాని మీద భారం తగ్గుతుంది. కొత్తవాళ్ళకి ఇది బాగా కుదురుతుంది, కాకపోతే మన దగ్గర అన్ని జిమ్‌లలో ఉండదు.

పట్టు విషయంలో ఒక అరచెయ్యి మన వైపుకి, ఇంకో అరచెయ్యి ముందుకి తిప్పి పట్టే మిక్స్‌డ్ గ్రిప్‌తో రాడ్ జారదు, కానీ అరచెయ్యి ముందుకి తిరిగిన వైపు మోచెయ్యి మడిచి లాగితే బైసెప్స్ స్నాయువు తెగే ప్రమాదముంది. మొదటి నెలల్లో ఉండే బరువులకి రెండు అరచేతులూ మన వైపుకి తిప్పిన మామూలు పట్టే సరిపోతుంది.

ఏది మామూలు నొప్పి, ఏది కాదు

మర్నాడో రెండో రోజో తొడల వెనక, పిరుదుల్లో, నడుంకి రెండు పక్కలా కండ పట్టేసినట్టు ఉండి మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోయేది అలవాటు లేని పని చేసిన నొప్పి. లాగుతుండగానే కలుక్కుమని నడుం పట్టేస్తే అది వేరే, అయినా అందులో చాలావరకు కొన్ని వారాల్లో సర్దుకునేవే, పూర్తిగా మంచం ఎక్కడం కంటే మెల్లగా తిరుగుతుంటేనే తొందరగా తగ్గుతుందని ఇప్పుడు డాక్టర్లూ చెప్తున్నారు.

ఇక్కడ ఎంఆర్ఐ దగ్గర ఒక తికమక ఉంది. ఏ నొప్పీ లేనివాళ్ళ స్కాన్లు వేలల్లో కలిపి చూసిన 2015 రివ్యూలో 20 ఏళ్ళవాళ్ళలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది, 80 ఏళ్ళవాళ్ళలో 84 శాతం. కాబట్టి రిపోర్ట్‌లో డిస్క్ బల్జ్ అని ఉన్నంత మాత్రాన అది జిమ్‌లోనే వచ్చిందనీ, నొప్పి దాని వల్లేననీ చెప్పలేం. స్కాన్ కంటే లక్షణాలు ఎక్కువ చెప్తాయి. నొప్పి పిరుదు దాటి మోకాలి కిందకి కరెంట్ షాక్ లాగా దిగటం, పాదంలో తిమ్మిరి, మడమల మీద నడిస్తే ఒక పాదం ముందు భాగం పైకి లేవకపోవటం, ఇవుంటే కొన్ని రోజుల్లో డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే, పాదం బలం తగ్గుతున్నట్టుంటే ఇంకా ముందే. మలమూత్రాల మీద పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తొడల మధ్య స్పర్శ పోయినా వెన్ను చివర నరాల గుత్తి నొక్కుకుపోయి ఉండొచ్చు, గంటలు గడిచేకొద్దీ నరాలు తిరిగి కోలుకునే అవకాశం తగ్గుతుంది, అలాంటప్పుడు ఫిజియోథెరపీ అపాయింట్‌మెంట్ కోసం తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్ళాలి.